గుంజ మీద మూడు గంట్లు

మా వీధి చివరి ఇంట్లో ఆరో తరగతి చదివే పిల్ల ఉంది. నేను లెక్కల పంతులమ్మగా పనిచేసి రిటైరైనానని ఎవరో చెప్పినట్టున్నారు, వారానికి రెండు మూడుసార్లు నోటుబుక్కు చంకన పెట్టుకొని వస్తుంది. మొన్నొక మధ్యాహ్నం వచ్చి, అరుగు మీద బుక్కు పరిచి, "అవ్వా, మైనస్ మూడుకి అటొకటి ఇటొకటి నిలువు గీతలు పెడితే ఉత్త మూడైపోతుందంట. ఆ మైనస్ యాడికి పోయిందవ్వా?" అని అడిగింది. అది పరమమూల్యం అనీ, సున్నా నుంచి ఎంత దూరంలో ఉందో మాత్రమే చెబుతుందనీ, ఎటువైపు ఉందో చెప్పదనీ నేను ముప్పై ఏళ్ళకు పైగా ఎంతమంది పిల్లలకు చెప్పానో లెక్కలేదు. ఈ పిల్లకూ అదే చెప్పాను. "ఓ, అంతేనా" అని రాసుకొని వెళ్ళిపోయింది. నాకు మాత్రం ఆ పూట ఇంకో పని చేయబుద్ధి కాలేదు. ఎటువైపో చెప్పకుండా ఎంతో మాత్రమే చెబితే ఏమవుతుందో, ఏ పుస్తకమూ చెప్పకముందే, తొమ్మిదో ఏటో పదో ఏటో, నేను తెలుసుకున్నాను.

మాది సముద్రానికీ పులికాట్ సరస్సుకూ నడుమ ఇసుక నేల మీద ఉన్న చిన్న ఊరు. వేట మీద బతికే కుటుంబాలు ముప్పైయో నలభైయో ఉండేవి. తూర్పున పగలూ రేయీ సముద్రం హోరు. పడమట సరస్సు, గాలి లేనప్పుడు పళ్ళెంలో పోసిన నీళ్ళలాగా కదలకుండా ఉండేది. ఊరికి దారి నీళ్ళ మీదనే. ఉప్పు తప్ప ఏది కావాలన్నా పడవెక్కి అవతలి ఒడ్డుకు పోయి, అక్కడి నుంచి దొరవారిసత్రం తట్టు నడవాలి. మా ఇల్లు రేవుకు అందరికన్నా దగ్గర. తాటాకుల కప్పు, మట్టి గోడలు, వాకిట్లో ఎప్పుడూ ఆరేసిన వలలు. వలలు గట్టిపడాలని తుమ్మచెక్క ఉడికించిన నీళ్ళలో ముంచేవాళ్ళు. ఆ ఎర్రటి నీళ్ళ వగరు వాసనా, ఎండబెట్టిన రొయ్యల వాసనా, అమ్మ పొద్దున్నే కెలికే రాగిసంగటి వాసనా కలిసి ఒకే వాసన అయిపోయేవి. ఇప్పటికీ తుమ్మచెట్టు కింద నిలబడితే నాకు ఆకలేస్తుంది.

మా నాయన మాటలు తక్కువ. పొగాకు దవడన పెట్టుకొని, పొద్దున లేస్తూనే వాకిట్లో నిలబడి చెంప మీద గాలి తగలనిచ్చి, "తిరిగింది" అనో "తిరగలేదు" అనో అనేవాడు. ఆ ఒక్క ముక్క కోసం పక్కిళ్ళ వాళ్ళు కాచుకొని ఉండేవాళ్ళు. రేవు పక్కన నీళ్ళలో తాటి గుంజ ఒకటి పాతింది ఆయనే. రేవుకు ఎదురుగా నీళ్ళలో ఒక ఇసుక మెరక ఉండేది. దాని మీదుగా పోతే అవతలి ఒడ్డు దగ్గర. నీళ్ళు చాలకపోతే పడవ దిగబడుతుంది, అప్పుడు ఉత్తరంగా చుట్టు తిరిగి లోతు కాలవలో పోవాలి. దానికి రెండింతల పొద్దు పడుతుంది. మెరక మీద పడవ రాసుకోకుండా పోగలిగినన్ని నీళ్ళు ఉన్నప్పుడు గుంజ మీద నీళ్ళు ఎక్కడికి వచ్చేవో చూసి, అక్కడ నాయన ఎర్ర రంగుతో అడ్డంగా గీత గీసినాడు. ఆ గీత నుంచి పైకి కొన్ని గంట్లు, కిందికి కొన్ని గంట్లు కత్తితో చెక్కినాడు. గంటుకూ గంటుకూ నడుమ మూడు వేళ్ళ ఎడం.

గుంజ చూసి చెప్పడం నా పని. ఎవరూ పనిగా ఒప్పగించింది కాదు. మా ఇల్లు దగ్గర, నా చూపు చురుకు, నా గొంతు పెద్దది. తెల్లవారి పడవలు కదిలేటప్పుడు ఎవరో ఒకరు "ఎంతుందే చెంచమ్మా?" అని కేకేసేవాళ్ళు. నేను గట్టు మీది నుంచే చూసి "నాలుగు!" అనో "రెండు!" అనో అరిచేదాన్ని. గీతకు పైనా కిందా అని చెప్పాల్సిన అవసరం ఎన్నడూ రాలేదు. వానల కాలంలో ఏర్లు పారి సరస్సు నిండిపోయేది, అప్పుడు ఏ అంకె చెప్పినా గీతకు పైన అనే. ఎండల కాలంలో నీళ్ళు ఇంకిపోయేవి, అప్పుడు ఏ అంకె చెప్పినా కింద అనే. కాలం చూసి అందరికీ తెలిసిపోయేది. ఎక్కేటప్పుడు నీళ్ళు ఒక్క వానతో గీత దాటేసేవి గానీ, దిగేటప్పుడు, ఏడాదికి ఒకసారి మాఘం చివర్లో, గీత చుట్టూ పైకీ కిందికీ ఊగులాడే కొన్ని దినాలుంటాయి. ఆ దినాల్లో మాత్రం ఉత్త అంకె చాలదు. అది నాకు తెలియదు. తెలిసిన పెద్దవాళ్ళకూ అడగాలని తోచలేదు.

అట్లాంటి దినాల్లోనే మా వదినకు నొప్పులు వచ్చినాయి. వదిన పేరు రమణమ్మ. మా అన్న పెంచలయ్యను చేసుకొని మా ఇంటికి వచ్చి రెండేళ్ళు. ఆమె వచ్చినాక నా జడ గట్టిగా ఉండింది. అమ్మ వేసే జడ మధ్యాహ్నానికి ఊడిపోయేది, వదిన వేసింది మర్నాటికీ కదిలేది కాదు. మొదటి కాన్పు. మంత్రసాని పొట్ట మీద చెయ్యి వేసి చూసి, అమ్మను బయటికి పిలిచి, "బిడ్డ అడ్డం తిరిగుంది. నా వల్ల కాదు. బిన్నా ఆస్పత్రికి తీసకపోండి" అనింది.

ఆ ముందు సాయంత్రం నేనే చూసి చెప్పినాను, నీళ్ళు గీతకు పైన మూడో గంటు మీద ఉన్నాయి. అదే నాయనా అన్నా మనసులో పెట్టుకున్నారు. రాత్రి గాలి తిరిగి నీళ్ళన్నింటినీ అవతలి ఒడ్డుకు నెట్టేసింది. ఆ పొద్దు నాయన వాకిట్లో నిలబడలేదు, గాలి చూడలేదు. మంచం మీది బొంత తెచ్చి పడవలో పరుస్తున్నాడు. అన్న వదినను రెండు చేతుల మీద ఎత్తుకొని రేవులోకి వస్తూ కేకేసినాడు.

"మే చెంచమ్మా, ఎంతుందే?"

నేను చూసినాను. నీళ్ళు గీతకు కింద మూడో గంటును తాకుతున్నాయి.

"మూడన్నా!" అని అరిచినాను.

అన్న మెరక దారి పట్టినాడు.

గట్టు మీద అమ్మా నేనూ నిలబడి చూస్తూనే ఉన్నాం. పడవ మెరక దాకా బాగానే పోయింది. తర్వాత ఆగింది. నాయన గెడ వేసి నెట్టడం, అన్న నీళ్ళలోకి దూకడం కనపడింది. నీళ్ళు అన్నకు మోకాళ్ళ కిందనే ఉన్నాయి. అప్పుడు అమ్మ గుంజ తట్టు చూసింది, నా తట్టు చూసింది. ఇసుకలో దిగబడిన పడవను ఇద్దరు మగవాళ్ళు ఎంతసేపని నెడతారు. ఊళ్ళో మిగిలిన పడవ ఒకటి పోయి తాళ్ళు కట్టి లాగి బయటపడేసేసరికి పొద్దు నడినెత్తి దాటిపోయింది. వదిన కేకలు మొదట మా దాకా వినపడినాయి, తర్వాత వినపడలేదు. రెండోదే ఎక్కువ భయపెట్టింది.

వదిన బతికింది. బిడ్డ బతకలేదు. మగపిల్లోడంట, నల్లటి జుట్టంట. ఆస్పత్రిలో పెద్ద డాక్టరమ్మ, రొంత ముందు తెచ్చుంటే చూసేవాళ్ళమేమో అనిందని నాయన అమ్మతో చెబుతుంటే విన్నాను. ఊళ్ళో అందరూ రాత అన్నారు. నన్ను ఎవరూ ఏమీ అనలేదు. ఒక్కరన్నా తిట్టుంటే బాగుండేదని నాకు అప్పుడే అనిపించింది. నేను గుంజ తట్టు పోవడం మానేసినాను. ఎవరైనా "ఎంతుందే" అని కేకేస్తే ఇంట్లోకి పోయి రాగులు పోసే కుదురు వెనకాల కూర్చునేదాన్ని.

మా ఊరి బడికి ఒకే అయ్యవారు. ఖాదర్ బాషా గారు. వాళ్ళది టౌనులో బట్టలు కుట్టే కుటుంబం. ఆయన చొక్కాకు మేం ఎన్నడూ గుండీ ఊడి ఉండగా చూడలేదు. వారమంతా బడి పక్క గదిలోనే ఉండి, తనే వండుకొని, శుక్రవారం నమాజుకని తెల్లవారకముందే పడవెక్కి, పొద్దుగూకే వేళకు తిరిగి వచ్చేవాడు. పిల్లల్ని కొట్టేవాడు కాదు, కానీ జవాబు వచ్చేదాకా వదిలేవాడు కాదు. లెక్కల్లో నేను ముందుండేదాన్ని. అట్లాంటిది నేను పలక ముట్టుకోకుండా వారం కూర్చున్నాను. ఎనిమిదో దినం ఆయన చిన్న తీసివేత ఇచ్చి "చెంచమ్మా, నువ్వు చెప్పు" అన్నాడు. నేను నోరు తెరిచి, అంకె చెప్పలేక, పలక మీద తల పెట్టి ఏడ్చినాను.

మధ్యాహ్నం బడి వదిలినాక నన్ను ఆగమన్నాడు. ఎందుకు ఏడ్చావని అడగలేదు. "రా, మీ రేవు దాకా పోదాం" అన్నాడు. గుంజ దగ్గరికి వచ్చేసరికి నా కాళ్ళు ఆగిపోయినాయి. ఆయన పంచె పైకి దోపుకొని నీళ్ళలోకి దిగి, గుంజ మీద చెయ్యి వేసి నిలబడ్డాడు.

"ఆ ముందు సాయంత్రం నీళ్ళు యాడుండినాయి?"

ఏ సాయంత్రమో చెప్పకుండానే నాకు తెలిసింది. "గీతకు పైన మూడు."

"తెల్లారి?"

"కింద మూడు."

"రాత్రికి రాత్రి ఎంత దిగినాయి?"

"మూడులో మూడు పోతే ఏమీ లేదయ్యవారా" అన్నాను.

"ఏమీ దిగకపోతే పడవెట్టా దిగబడింది?"

నాకు మళ్ళీ ఏడుపొచ్చింది. ఆయన ఊరుకోమనలేదు. నా చెయ్యి పట్టుకొని నీళ్ళలోకి దింపి, పైన మూడో గంటు మీద వేలు పెట్టించి, "ఒక్కోటీ దిగుతా లెక్కపెట్టు" అన్నాడు. దిగినాను. గీత దగ్గరికి వచ్చేసరికి మూడు. గీత దాటి కింద మూడో గంటుకు పోయేసరికి ఆరు. వేలు నీళ్ళలో మునిగింది.

"ఆరు" అన్నాను.

"ఆరు. పైదాంట్లోంచి కిందిదాన్ని తీసేయమని లెక్క. అంటే దీనికీ దానికీ నడుమ ఎంత ఎడముందో చెప్పమని. గీతకు రెండూ ఒకే తట్టున్నాయనుకో, పైన అయిదు, పైన రెండు, అప్పుడేం చేస్తావు?"

"అయిదులో రెండు తీసేస్తా. మూడు."

"అదే గీతకు చెరో తట్టున్నాయనుకో? గీత దాకా ఒక దూరం, గీత కాడి నుంచి ఇంకో దూరం. రెండూ?"

"కలపాల."

"అదీ. కింద ఉన్నదాన్ని తీసేయడమంటే పైకి అంత కలపడమే. అడిగింది తీసివేత, చేసేది కూడిక. ఇప్పుడు కింది నుంచి పైకి లెక్కపెట్టు."

పెట్టినాను. అదీ ఆరే.

"ఎటునుంచి పోయినా దూరం ఆరే. అయితే పైనుంచి కిందికి ఆరంటే నీళ్ళు తగ్గినట్టు, కిందినుంచి పైకి ఆరంటే పెరిగినట్టు. పడవకు దూరమొక్కటే చాలదు, ఎటో కూడా కావాల" అన్నాడు.

"నేను తప్పు చెప్పినా అయ్యవారా?"

ఆయన వెంటనే లేదనుంటే నేను నమ్మేదాన్ని కాదు. గీత మీద పట్టిన పాచిని వేలితో తుడిచి, "తప్పు చెప్పలేదు. సగం చెప్పినావు. మిగతా సగం అడగాల్సిన పెద్దోళ్ళు అడగలేదు. గీతకు కింద కూడా అంకెలుంటాయని, వాటికి వేరే గుర్తు పెడతారని నేను నీకు చెప్పుండాల. పై తరగతుల్లో నేర్చుకుంటారులే అని వదిలేసినా. ఆ సగం నాది" అన్నాడు. ఒక పెద్దమనిషి తన తప్పును తనే తీసుకోవడం నేను చూడటం అదే మొదటిసారి.

హైస్కూలుకు పోయినాక ధన సంఖ్యలు, రుణ సంఖ్యలు అని పాఠం వచ్చింది. ఆ పేర్లు విని పిల్లలందరికీ బాకీలు గుర్తుకొచ్చేవి. నాకు మాత్రం ఎప్పుడూ నీళ్ళే. టీచరు సంఖ్యారేఖను అడ్డంగా గీసేది, నేను బుక్కులో నిలువుగా గీసుకునేదాన్ని. రుణ సంఖ్యను తీసేస్తే కూడిక ఎందుకవుతుందో మా తరగతిలో సగం మంది బట్టీ పట్టినారు. నా వేలికి తెలుసు.

అయ్యవారితో మాట్లాడి వచ్చిన మర్నాడు వదినకు చెప్పేసినాను. ఆమె ఆస్పత్రి నుంచి వచ్చి నాలుగు దినాలైనట్టుంది. వాకిట్లో చాప మీద కూర్చొని ఎండు రొయ్యల తలలు తుంచుతోంది. పాలు రాకుండా రొమ్ముకు గుడ్డ బిగించి కట్టి ఉన్నారు. "వదినా, ఆ పొద్దు నీళ్ళు కింద మూడున్నాయి. నేను ఉత్త మూడన్నా. అన్న పైన అనుకున్నాడు" అని ఒక్క ఊపిరిలో చెప్పినాను. ఆమె చేతులు ఆగినాయి. నేను కొట్టించుకోవడానికి సిద్ధంగా నిలబడ్డాను. ఆమె ఇంకో రొయ్య తీసుకొని తల తుంచి, "రేపటి నుంచి మళ్ళా గుంజ చూడు. పైనా కిందా అని కూడా చెప్పు" అనింది.

మర్నాడు తెల్లవారి నేను గట్టు మీదికి పోతే నా వెనకాలే వచ్చి నిలబడింది. "కింద రెండు!" అని అరిచినాను. ఆమె గుంజను తేరిపార చూసి, నిజమే అన్నట్టు తలాడించి లోపలికి పోయింది. ఆ తర్వాత నేను చదువు కోసం ఊరు వదిలేదాకా, కాలం ఏదైనా సరే, ఆమె ప్రతి పొద్దూ అడిగేది, "పైనా, కిందా?" నడి వానల్లో, నీళ్ళు ఇళ్ళ ముందుకు వచ్చినప్పుడు కూడా అడిగేది. ఊరంతా అదే అలవాటైంది. ఇది నన్ను దండించడమని కొన్నేళ్ళు అనుకున్నాను. పెద్దయినాక, నన్ను మళ్ళీ మనిషిని చేయడానికే అట్లా అడిగిందని అనుకున్నాను. రెండూ పూర్తిగా సరి కాదని తెలియడానికి చాలాకాలం పట్టింది.

ఇప్పుడా ఊరికి రోడ్డు పడింది. నీళ్ళ మీద కట్ట వేసినారు, బస్సులూ ఆటోలూ తిరుగుతున్నాయి. కాన్పుకు ఫోను చేస్తే బండి వాకిట్లోకి వస్తుంది. పడవలకు ఇంజన్లు వచ్చినాయి. మెరక ఎక్కడుందో కుర్రవాళ్ళకు తెలియదు, తెలియాల్సిన పనీ లేదు. ఇది మంచికే. పాతకాలమే బాగుండేదని అనే హక్కు మా ఇంట్లో ఎవరికీ లేదు. అయినా ఒకటి మాత్రం తగ్గిందనిపిస్తుంది. అప్పుడు ప్రతి అంకె వెనకా ఒక మనిషి గొంతు ఉండేది, ఆ గొంతుకు బాధ్యత ఉండేది. ఈనాడు నా దగ్గరికొచ్చే పిల్లలు నాకన్నా తొందరగా జవాబు రాస్తారు. జవాబు ముందర గుర్తు మరిచిపోతే ఒక మార్కు పోతుంది, అంతే. ఒక మార్కుతోనే పోవాలని కోరుకుంటాను.

అన్న పోయే ముందు ఏడాది నేను ఊరికి పోయినాను. వదినకు ఆ తర్వాత ఇద్దరు ఆడపిల్లలు పుట్టినారు, వాళ్ళూ మనవళ్ళను ఎత్తే వయసుకు వచ్చేసినారు. అన్నకు కాళ్ళు వాచి మంచం మీదనే ఉండేవాడు, చెవులు సరిగ్గా వినపడవు. మధ్యాహ్నం వదిన చేపల పులుసు పొయ్యి మీది నుంచి దించుతోంది. ఏవేవో మాటల నడుమ అన్న ఉన్నట్టుండి, "చెంచమ్మా, నీకొకటి చెప్పాల. ఆ పొద్దు నేను గుంజ చూసినా. నీళ్ళు కిందున్నాయని నాకు తెలుసు. తొందరలో, పోతే పోతుందిలే అని మెరక దారి పట్టినా. నీ మాట మీద పోలేదు" అన్నాడు.

ఇన్నేళ్ళుగా నా మీద ఉన్నదాన్ని ఎవరో వచ్చి ఎత్తుకుంటామంటే, ఇవ్వడానికి కూడా చేతులు రాలేదు.

వదిన గిన్నె కింద పెట్టి, కొంగుతో చేతులు తుడుచుకుంది. "మీ అన్న మాట నమ్మబాక. ఆయనేమీ చూడలా. నన్నెత్తుకొని నా మొగమే చూస్తా వచ్చినాడు, కాళ్ళ కింద ఏముందో కూడా చూడలా" అని, నా తట్టు కాకుండా పొయ్యి తట్టు చూస్తూ చెప్పింది. "చూసింది నేను. ఆ తెల్లారి అంట్లు తోమను రేవులోకి దిగినా. దినమూ మోకాలి దాకా వచ్చే నీళ్ళు పిక్కల్లోకి రాలా. ఆడనే నొప్పి మొదలైంది. నువ్వు మూడని అరిచింది నేనూ విన్నా. కిందే గదా, మెరక మీద వద్దని చెప్పాలనుకున్నా. మొగోళ్ళకు తెలీదా అని ఊరుకున్నా. నొప్పి తగ్గినాక చెప్దామనుకున్నా. తగ్గలా."

అన్నకు సగం వినపడి సగం వినపడలేదు. "ఏమంటాంది?" అని నన్నడిగినాడు. నేను ఆయన చెవి దగ్గర వంగి మొత్తం చెప్పినాను, ఒక్క ముక్క వదలకుండా. విని, మంచం మీద మెల్లగా లేచి కూర్చొని, వదిన తట్టు తిరిగినాడు.

"ఇన్నేండ్లలో ఒక్కనాడు చెప్పలేదేందే?"

"మీరెవరూ అడగలా" అనింది వదిన, మాకిద్దరికీ కంచాలు పెడుతూ.